రెండో చుక్క

"ఇంజన్, గేర్‌బాక్స్, ఏసీ, వైరింగ్, అన్నీ కవరవుతాయి మేడమ్. కంపెనీ వారంటీ అయిపోయాక ఇంకో రెండేళ్ళు మీరు గుండె మీద చెయ్యేసుకుని నిద్రపోవచ్చు," అన్నాడు సర్వీస్ మేనేజర్.

"మరి బ్రేకులు?"

అతని పెన్ను ఒక్క క్షణం ఆగింది.

"బ్రేకులు అరుగుదల కిందికొస్తాయి. ఎక్స్‌టెండెడ్ వారంటీలో అరిగిపోయే సామాన్లు ఉండవు మేడమ్. వాటికి సర్వీస్ ప్లాన్ వేరే ఉంటుంది. రెండూ కలిపి తీసుకుంటే ఇక మీరు దేనికీ వెతుక్కోనక్కర్లేదు."

ఈ మాటలు నేనే చెప్పమన్నాను. లెక్కల మాస్టారికి ప్లాన్ అమ్మిన రోజు ఏమేం చెప్పాడో అక్షరం పొల్లుపోకుండా నాకూ చెప్పమన్నాను. చెప్పేశాడు. పక్క కుర్చీలో మాస్టారి భార్య కూర్చుని వింటోందన్న జంకు కూడా లేదు. భర్త పోయి రెండు వారాలు కాని మనిషి ఎదురుగా అదే ప్లాన్ అమ్మగలిగినవాడి మీద నాకు అప్పుడే ఒక అభిప్రాయం ఏర్పడింది. అభిప్రాయాలతో కేసులు నిలబడవు కనక, టీ దొరుకుతుందా అని అడిగాను.

"నేనే చెప్పొస్తాను మేడమ్. ఈలోపు మీ కారు ఫ్రీ చెకప్ కూడా అయిపోతుంది," అని లేచాడు. తెల్ల చొక్కా, మెడకి టై, చేతికి మసి అంటని ఉద్యోగం. అద్దాల తలుపు తోసుకుని షెడ్డు వైపు వెళ్ళాడు. బయట పొద్దుటి నుంచీ వాన ముసురు పట్టి ఉంది. మధ్యాహ్నం మూడింటికే లోపల లైట్లు వేశారు.

మాస్టారు కారు బ్రేకులు ఫెయిలై, పల్లపు రోడ్డు మలుపులో గోడకి గుద్దుకుని పోయారు. ముందు చక్రం దగ్గర బ్రేకుకి నూనె పంపే రబ్బరు పైపు పగిలిందని తేలింది. బీటలు వారిన పాత పైపు. సర్వీస్ సెంటరువాళ్ళేమో ప్లాన్ కింద ఆ పైపులన్నీ మార్చేశామన్నారు. మార్చిన రెండు రోజులకే పాత పైపు ఎలా వచ్చింది? పోలీసులు దానికి సులువైన జవాబు కనిపెట్టారు. మాస్టారి బావమరిదికి సొంతంగా చిన్న మెకానిక్ షెడ్డు ఉంది. కొత్త పైపు వాడే కాజేసి పాతది తగిలించాడన్నారు. నా షెడ్డు ఉండగా ఆ ప్లాన్ ఎందుకు బావా అని వాడు గొడవపడ్డది వీధంతా విన్నది కూడా. ఇప్పుడు వాడు లాకప్‌లో ఉన్నాడు. సాయంత్రం కోర్టుకి తీసుకెళ్తారు, అక్కణ్ణుంచి జైలుకి. భర్త పోయాడు, తమ్ముడే చంపాడంటున్నారు. ఈమెకి ఇక మిగిలినవాళ్ళెవరూ లేరు. తమ్ముణ్ణి బయటికి తెమ్మని ప్రైవేటు డిటెక్టివ్‌నైన నా దగ్గరికొచ్చింది.

"ప్లాన్ గురించి ఇంట్లో ఏమనేవారు మాస్టారు?" అన్నాను.

"రెండు నెలలు నా ప్రాణం తీశారు మేడమ్. తీసుకుందామా వద్దా, తీసుకుందామా వద్దా. మా పెళ్ళిచూపులప్పుడు కూడా అంత ఆలోచించలేదు ఆ మనిషి." ఆమె పెదవుల మీదికి నవ్వులాంటిదేదో వచ్చి ఆగిపోయింది. "చివరికి తీసుకున్నారు. తీసుకున్నాక కొత్త గోల మొదలైంది. వీళ్ళు నిజంగా సామాన్లు మారుస్తున్నారో, మార్చామని చెప్పి పంపించేస్తున్నారో తెలియాలిగా అన్నారు. నా నెయిల్ పాలిష్ పట్టుకెళ్ళి కారు కింద దూరారు."

"ఏ రంగు?"

"మెరూన్. కొత్త సీసా. నేను ఒక చేతికి కూడా వేసుకోలేదు, సగం కారే తాగేసింది. మార్చాల్సిన ప్రతి సామాను మీదా చుక్క పెట్టేవారు. ఒకటి కాదు, రెండు. ఒకటి ముందువైపు, ఒకటి వెనక ఎవరికీ కనపడకుండా. ఒకటి చాలదా అంటే, లెక్క చేశాక సరిచూసుకోవద్దా అనేవారు."

"రెండో చుక్క సంగతి మీ తమ్ముడికి తెలుసా?"

"తెలీదు. దాని మీద పోట్లాడింది నేను, నాకే తెలుసు."

పొద్దున్న లాకప్‌లో ఆ కుర్రాడితో మాట్లాడాను. సర్వీసయిన మర్నాడు బావ తన షెడ్డుకొచ్చి చక్రం విప్పించాడని చెప్పాడు. పైపు మీద మెరూన్ చుక్క అలాగే ఉంది. అంటే మార్చలేదు. మాస్టారు సంబరపడిపోయారట, దొంగ దొరికాడని. బావా నేను మార్చేస్తానాగు అంటే వద్దన్నారట. ఒకసారి కట్టిన పనికి రెండోసారి ఎందుకు కట్టాలి, వాళ్ళ చేతే మార్పిస్తానని చక్రం బిగించుకుని ఇటే బయల్దేరారట. అంత నిక్కచ్చి మనిషి కాకపోయుంటే ఇవాళ బతికుండేవారు. ఆ మాట కుర్రాడే అని గోడకేసి తిరిగిపోయాడు.

పోలీసులు ఇదంతా చెవిలో పువ్వు అనుకున్నారు. ఎందుకంటే గోడకి గుద్దుకున్న కారులో పగిలిన పైపు మీద ఏ చుక్కా లేదు. వెనకా ముందూ ఎక్కడా లేదు.

నాకు మాత్రం అక్కడే దారి కనపడింది. కుర్రాడు చూసిన పైపు మీద చుక్క ఉంది, పగిలిన పైపు మీద లేదు. వాడు నిజమే చెప్తుంటే మధ్యలో ఇంకెవరో పైపు మార్చారు.

మేనేజర్ టీ కప్పులతో తనే తిరిగొచ్చాడు. టీ చల్లారి ఉంది. అతను కప్పు అందిస్తుంటే చొక్కా కఫ్ మీద పసుపు రంగు గీత కనిపించింది, ఇంకా తడిగా. చక్రం బిగించాక నట్ల మీద వీళ్ళు పసుపు పెయింటుతో గీత పెడతారు. మళ్ళీ ఎవరైనా విప్పితే ఆ గీత చెదురుతుంది. మాస్టారి కారు నట్ల మీద గీత చెదిరి ఉండబట్టే కుర్రాడు దొరికిపోయాడు. షెడ్డులో తిరిగేవాడికి పెయింట్ అంటుకోవడం ఏం వింత అనుకుని నేను టీ తాగాను. ఆ టీ గుర్తొస్తే ఇప్పటికీ నోరు చేదవుతుంది.

"సర్వీసయిన మర్నాడు మాస్టారు మళ్ళీ ఇక్కడికొచ్చారా?"

"రాలేదు మేడమ్. వస్తే గేటు దగ్గరే ఎంట్రీ అవుతుంది."

"ఎంట్రీ చెయ్యకుండా లోపలికి రానివ్వరా?"

"మా సిస్టమ్ అలాంటిది కాదు."

"కుదురుగా మాట్లాడే కస్టమర్లకి సిస్టమ్ సరే. పదిమంది ముందు గట్టిగా అరుస్తూ వచ్చేవాళ్ళని ఏం చేస్తారు? గబగబా లోపలికి తీసుకెళ్ళి పని చేసి పంపించేయరూ?"

అతను నవ్వాడు. నేను పాత సామాన్ల గది చూడాలన్నాను.

ఇలాంటి చోట ఒక పద్ధతి ఉంటుంది. సొంత డబ్బుతో చేయించుకుంటే, తీసేసిన పాత సామాను కవర్లో పెట్టి మన చేతికిస్తారు. ప్లాన్ కిందో వారంటీ కిందో మారిస్తే ఇవ్వరు. అది ఒక గదిలో ఉంచుతారు. కంపెనీ మనిషి వచ్చి, ఒక్కొక్కటీ చూసి, మళ్ళీ ఎవరూ వాడకుండా రెండు ముక్కలుగా కోసి డ్రమ్ములో వెయ్యాలి. మాస్టారి కారు నుంచి తీసిన చుక్కల పైపు ఎక్కడైనా ఉందంటే అక్కడే ఉండాలి.

గది తలుపు తీసేసరికి లోపల ఇస్త్రీ నిలబడి ఉన్నాడు.

అసలు పేరు వేరే ఉంది. మేమిద్దరం ఒకే బీమా ఆఫీసులో పనిచేసే రోజుల్లో, ఎంత ఎండలో తిరిగొచ్చినా నలగని ఆ చొక్కా చూసి నేనే ఆ పేరు పెట్టాను. ఇప్పుడాయన వారంటీ కంపెనీ ఎంక్వైరీ ఆఫీసరు. కుర్రాణ్ణి లోపల వేయించిన రిపోర్టు ఆయనదే.

"రండి మేడమ్ గారూ. ఆలస్యంగా రావడం మీకు అప్పుడూ అలవాటే," అన్నాడు.

"తొందరపడి రాసెయ్యడం మీకు అప్పుడూ అలవాటే. బ్రేకు పైపులెక్కడ?"

"నిన్న కోసేశాను. ఉన్నవన్నీ."

"మీ చేత్తోనే?"

"నా చేత్తోనే. పోలీసులకి కూడా అదే రాసిచ్చాను. మెరూన్ చుక్కా లేదు, గోరింటాకూ లేదు. ఆ మెకానిక్ కుర్రాడు కథలల్లుతున్నాడు, మీరు దానికి బొమ్మలేస్తున్నారు."

గదిలో ఒకటే బల్బు. గోడ పొడుగునా ఇనుప అరలు, అరల్లో ట్యాగులు కట్టిన ఫిల్టర్లు, బ్రేకు ప్యాడ్లు, దీపాలు. పైపులుండాల్సిన అర ఖాళీగా ఉంది. మూల డ్రమ్ము ఉంది. నేను చీర కుచ్చిళ్ళు దోపుకుని డ్రమ్ములోకి చేతులు పెట్టి కెలికాను. పగిలిన అద్దాలు, నూనె గుడ్డలు, చిరిగిన బెల్టులు. కోసిన రబ్బరు పైపు ముక్క ఒక్కటీ లేదు.

"ముక్కలేవి?"

"చెత్త బండి వచ్చి తీసుకెళ్ళి ఉంటుంది."

"మిగతా చెత్తంతా వదిలేసి పైపు ముక్కలే ఏరుకుపోయిందా?"

గోడకి పెద్ద కట్టర్ వేలాడుతోంది. దించి, రెండు చేతులా పట్టుకుని తెరవబోయాను. తుప్పు పట్టి నోరు బిగిసిపోయింది. మోకాలి కింద పెట్టి లాగినా రాలేదు.

"దీంతోనేనా కోసింది?"

"వేరేది తెచ్చుకున్నాను," అన్నాడు ఇస్త్రీ. మొదటిసారి ఆయన నీళ్ళు నమిలాడు. వెంటనే ఒంటికాలి మీద లేచాడు. "మీ అనుమానాలకి హద్దుండాలి. ఈ సెంటర్ మీద నాకెంత నమ్మకమో తెలుసా? మా అమ్మాయి కారుకి నేనే దగ్గరుండి ఈ ప్లాన్ తీసుకున్నాను. మొన్న సర్వీస్ కూడా ఇక్కడే చేయించాను. సొంత కూతురి కారు ఇచ్చానంటే ఇంతకంటే ఏం హామీ కావాలి?"

డ్రమ్ము అడుగు నుంచి తీసిన ఒక గుడ్డముక్క బల్బు కింద పెట్టి చూశాను. రంగు తుడిచే థిన్నర్ వాసన. మధ్యలో మెరూన్ మరక, గోరంత.

"పెయింటు," అన్నాడు ఇస్త్రీ.

"ఇక్కడ వాడేది పసుపు పెయింటు ఒక్కటే."

గుమ్మంలో నిలబడ్డ మాస్టారి భార్య ఆ గుడ్డ చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడే ఆమె ఫోను మోగింది. స్టేషన్ నుంచి. కోర్టు టైము ముందుకి జరిపారట, తమ్ముణ్ణి ఇంకాసేపట్లో బండెక్కిస్తారట. బట్టలివ్వాలంటే ఇప్పుడే రావాలి. ఆమె చేతిలో బట్టల సంచీ పొద్దుటి నుంచీ ఉంది.

"వానలో ఆటో దొరకదేమో," అంది. "జైలుకి వెళ్ళేముందు ఒక్కసారి వాడి మొహం చూడాలి మేడమ్."

"నీకు డ్రైవింగ్ వచ్చుగా. నా కారు తీసుకెళ్ళు. చెకప్ అయిపోయే ఉంటుంది."

మాట పూర్తవకముందే మేనేజర్ మా పక్కనున్నాడు. "మీరు వెళ్ళడం లేదా మేడమ్?"

"ఈయనతో నాకింకా పనుంది."

"వాన కదా... ఆవిడెందుకు, మీరే నడిపితే మంచిదేమో." మొహం పాలిపోయి ఉంది. పాపం ఆవిడ మీద జాలనుకున్నాను. నా ఇరవయ్యేళ్ళ అనుభవాన్ని తీసుకెళ్ళి ఆ డ్రమ్ములో వెయ్యాలి. తాళం ఆమె చేతిలో పెట్టాను. అతను ఆమె వెళ్తున్నంతసేపూ చూస్తూ నిలబడ్డాడు. ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు.

కారు గేటు దాటాక షెడ్డు సూపర్‌వైజర్ ఒక ప్లాస్టిక్ కవరు పట్టుకుని వచ్చాడు.

"మీ పాత సామాను మేడమ్. ఏది తీసినా చేతికివ్వమని కారు ఇచ్చేటప్పుడు మీరు చెప్పారుగా."

"చెకప్ అన్నారు. ఏం తీశారు?"

"ముందు చక్రం బ్రేకు పైపు వీక్‌గా ఉందని మేనేజర్ గారు మార్చమన్నారు. పైపు ఆయనే తెచ్చిచ్చారు. నన్ను ఇంకో కారు దగ్గరికి పంపి చివరి బిగింపు కూడా ఆయనే చేశారు. టై కట్టుకుని కారు కింద కూర్చోవడం ఎప్పుడూ చూళ్ళేదు నేను."

కవరు విప్పాను. నా పైపే. పోయిన నెల కొత్తది వేయించుకున్నాను, ఇంకా రబ్బరు మెరుపు కూడా పోలేదు. నిగనిగలాడే కొత్త పైపు తీసి ఏం బిగించాడు? పసుపు మరక పడ్డ ఆ కఫ్ గుర్తొచ్చింది.

స్టేషన్ పల్లపు రోడ్డు చివర ఉంది.

ఆమెకి ఫోను చేశాను. రింగవుతోంది. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఇస్త్రీ ఏమైందని అడుగుతున్నాడు. మూడోసారికి ఎత్తింది.

"నడుపుతున్నాను మేడమ్, స్పీకర్లో పెట్టాను. మీ బ్రేకు కొంచెం కిందికి పోతోంది, అంతేనా ఇది?"

"ఎక్కడున్నావు?"

"పల్లంలోకి దిగుతున్నాను."

"జాగ్రత్తగా విను. బ్రేకుని నమ్ముకోకు. ఇంజన్ ఆపకు. గేరు తగ్గించు. ఇంకా తగ్గించు. హ్యాండ్ బ్రేకు ఒక్కసారిగా లాగకు, కొద్దికొద్దిగా పైకెత్తు."

"మేడమ్, పెడలు పూర్తిగా..."

తర్వాత మాటలు లేవు. ఇంజన్ అరుపు, ఎవరిదో హారను, ఆమె ఏడుపు, ఇనుము దేన్నో ఈడ్చుకెళ్తున్న చప్పుడు. ఆ తర్వాత వాన చప్పుడు ఒక్కటే. నేను ఆమెని పిలుస్తూనే ఉన్నాను. ఆమె చేతిలో తాళం పెట్టింది నేను. ఆమెకి ఏమన్నా అయితే నేను ఇంకెవరి మొహమూ చూడలేను.

"మేడమ్." చాలాసేపటికి ఆమె గొంతు. "స్టేషన్ గోడ పక్కన ఇసుక పోసుంది. అందులోకి పోనిచ్చాను. నుదురు చిట్లింది. అంతే."

ఫోన్లో గలగలా మాటలు, బూట్ల చప్పుళ్ళు. తమ్ముడి గొంతు "అక్కా, అక్కా" అంటూ దగ్గరికొచ్చింది. బండెక్కించడానికి అప్పుడే బయటికి తెచ్చినట్టున్నారు.

"వాణ్ణి చక్రం వెనక చూడమను," అన్నాను. "ముందు చక్రం, పైపు. పక్కన ఇన్‌స్పెక్టర్ గారుంటే టార్చి పట్టుకోమను."

స్పీకర్ వేసి ఫోను అర మీద పెట్టాను. ఇస్త్రీ కూడా వంగి వింటున్నాడు.

"పైపు పాతది మేడమ్," తమ్ముడి గొంతు. "జాయింటు సగమే బిగించారు, నూనె కారిపోతోంది. చుక్క మాత్రం లేదు. ముందువైపు థిన్నరు పెట్టి తుడిచేసినట్టు తెల్లగా ఉంది."

"మీ అక్కకివ్వు."

ఆమె అడక్కుండానే చెప్పింది. "వెనక చూడరా అన్నాను వాణ్ణి. బేడీల చేత్తోనే పైపు మెలితిప్పి చూపించాడు. ఉంది మేడమ్. మెరూన్ చుక్క. మా ఆయన పెట్టిందే. ఇన్‌స్పెక్టర్ గారు కూడా చూశారు. ఒకటి చాలదా అని ఎంత సాధించానో ఆయన్ని."

మాస్టారు రెండోసారి ఇక్కడికి వచ్చారు. కొత్త పైపు వేసే ఉద్దేశం వీళ్ళకి ఆ రోజూ లేదు. చుక్కల పైపు తీసి, చేతికందిన ఇంకో చచ్చు పైపు తగిలించి, గీత కూడా పెట్టకుండా పంపేశారు. అది కంగారులో చేసిన తప్పని ఎవరైనా అనొచ్చు. నా కారుకి చేసింది కంగారు కాదు. సాక్ష్యాన్నీ నన్నూ ఒకే మలుపులో వదిలించుకుందామనుకున్నాడు. గుమ్మం వైపు తిరిగాను. మేనేజర్ లేడు. సూపర్‌వైజర్ గేటు వైపు పరిగెత్తాడు.

నేను అర మీది ఫోను తీసుకున్నాను.

"ఇదీ మీరు నిన్న కోసిన పైపు," అన్నాను ఇస్త్రీతో. "రెండు ముక్కలు కాలేదు. నా కారుకి తగులుకుని పల్లం దిగింది."

ఆయన ఆ తుప్పు పట్టిన కట్టర్ వైపు చూస్తున్నాడు.

"నేను కొయ్యలేదు," అన్నాడు చివరికి. "మసి అవుతుంది కదా అని... సంతకం పెట్టి వెళ్ళిపోయేవాణ్ణి. వాళ్ళే కోస్తామనేవారు."

"ఎన్నాళ్ళుగా?"

"రెండేళ్ళు."

ఖాళీ అర వంక చూశాను. రెండేళ్ళుగా ఈ గదిలోకి వచ్చిన పాత పైపులు ఒక్కటీ ముక్కలవలేదు, చెత్తలోకి పోలేదు. తుడిచి, మెరుగుపెట్టి, కొత్తవని చెప్పి మళ్ళీ ఎవరో ఒకరి కారుకి బిగించారు. ప్లాన్ తీసుకున్నవాళ్ళ కార్లకి. పాత సామాను చూపించమని అడిగే అవకాశం లేనిది వాళ్ళకే.

అది ఇస్త్రీకి నాకంటే ఒక్క క్షణం ఆలస్యంగా తట్టింది. తట్టడం ఆయన మొహంలో కనపడింది. జేబులోంచి ఫోను తీయబోతే చేతిలోంచి జారి డ్రమ్ము పక్కన పడింది. ఆ తెల్ల చొక్కాతోనే నూనెలో మోకాళ్ళ మీద కూర్చుని తీసుకున్నాడు.

"మా అమ్మాయి ఆఫీసు నుంచి బయల్దేరే టైము," అన్నాడు. "మొన్న సర్వీసప్పుడు పైపులు కూడా మార్చామన్నారు."

ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఇన్నేళ్ళలో ఆయన్ని ఓడించాలని చాలాసార్లు అనుకున్నాను. ఇలా మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

"ఎత్తడం లేదు," అన్నాడు నా వైపు చూసి.

"మళ్ళీ చెయ్యండి," అన్నాను.